పాత పాస్‌వర్డ్ చూపి బెదిరిస్తున్న ఈమెయిల్

ప్రశ్న: నా పాత పాస్‌వర్డ్‌ను సబ్జెక్ట్ లైనులోనే రాసి, వెబ్‌క్యామ్ ద్వారా నన్ను చిత్రీకరించామనీ, 48 గంటల్లో బిట్‌కాయిన్ పంపకపోతే ఆ వీడియో నా పరిచయస్తులందరికీ చేరుతుందనీ ఒక ఈమెయిల్ వచ్చింది. అది నా చిరునామా నుంచే వచ్చినట్లు కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు 1: డబ్బు పంపకండి, జవాబూ ఇవ్వకండి. ఆ పాస్‌వర్డ్ గతంలో ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైన జాబితాలోనిదై ఉంటుంది. నిజంగా వీడియో ఉన్నవారైతే అందులోని ఒక్క దృశ్యమైనా చూపేవారు.

జవాబు 2: పంపినవారి చిరునామాను ఎవరైనా మార్చి రాయగలరు కనుక, అంతమాత్రాన మీ ఖాతా హ్యాక్ అయినట్లు కాదు. అయినా ఆ పాస్‌వర్డ్‌ను ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ) పెట్టుకోండి.

జవాబు 3: ఒకవేళ నిజమైన ఫొటో జతచేసి బెదిరిస్తే విషయం వేరు. అప్పుడు మెయిల్‌ను తొలగించకుండా భద్రపరచి పోలీసులకు ఫిర్యాదు చేయండి. దయచేసి ఒంటరిగా కుమిలిపోకండి.