డిజిటల్ గ్రంథాలయం విద్యార్థులకు ఎంత అనువుగా ఉందో తేల్చడం ఎలా?

పరిశోధక విద్యార్థిని:
మా విశ్వవిద్యాలయపు డిజిటల్ గ్రంథాలయం విద్యార్థులకు ఎంత అనువుగా ఉందన్నది నా పరిశోధనాంశం. ఒక వ్యవస్థ వాడటానికి ఎంత సులువుగా ఉందో వాడినవారినే అడిగి కొలిచే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నావళిని విద్యార్థుల చేత నింపిస్తే సగటు స్కోరు 74 వచ్చింది. అయితే ఆ విద్యార్థులే తమకు కావలసిన వ్యాసం దొరకలేదంటూ తరచుగా వచ్చి అడుగుతున్నారని గ్రంథాలయ సిబ్బంది అంటున్నారు. దేన్ని నమ్మాలి? ఈ 74ను 74 శాతమని రాయవచ్చా?

గణాంకాలు బోధించే వ్యక్తి:
రాయకూడదండి. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు కదా; బేసి ప్రశ్నలకు వచ్చిన అంకెలో నుంచి 1 తీసివేసి, సరి ప్రశ్నలకు వచ్చిన అంకెను 5లో నుంచి తీసివేసి, అన్నింటినీ కూడి 2.5తో హెచ్చవేస్తే వచ్చే స్కోరు అది. 0 నుంచి 100 దాకా ఉంటుంది కాబట్టి చాలామంది శాతమని పొరబడతారు. సాధారణంగా 68ని సగటుగా తీసుకుంటారు కనుక మీ స్కోరు అంతకంటే మెరుగే. అసలు చిక్కు వేరే ఉంది. వాడకంలో అనువు అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9241-11, పని నెరవేరిందా, అందుకు ఎంత సమయమూ శ్రమా పట్టాయి, వాడినవారికి తృప్తి కలిగిందా అని మూడూ చూడమంటుంది. మీరు అడిగింది ప్రధానంగా మూడోదాన్ని గురించే.

గ్రంథాలయ ఉద్యోగి:
పై మాటతో ఏకీభవిస్తాను. మేము ఒకసారి ఒక విద్యార్థికి ఫలానా వ్యాసం వెతకమని చెప్పి, మనసులో అనుకున్నదల్లా పైకి చెబుతూ ఉండమని పక్కనే కూర్చున్నాం. వ్యాసం వెంటనే కనబడింది. పూర్తి పాఠం కోసం నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది. లాగిన్ కాగానే ఆ వ్యాసానికి బదులు మొదటి పేజీ తెరుచుకుంది. ఆ అబ్బాయి "ఇది మన దగ్గర లేదనుకుంటా" అని పేజీ మూసేశాడు. తరువాత ప్రశ్నావళిలో మాత్రం "వాడటం సులువు" అన్నదానికి 4 వేశాడు! తప్పు తనదేననుకునేవారు వ్యవస్థకు మంచి మార్కులే వేస్తారు. ఇలా ఐదుగురిని గమనించినా పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి. ఫలితాలేవీ రాని వెతుకులాటల చిట్టాను సర్వరు నుంచి తీయించుకోండి, అది కూడా పనికొస్తుంది.

పరిశోధక విద్యార్థిని:
ధన్యవాదాలండి. ఐదుగురూ పరిశోధక విద్యార్థులే అయితే సరిపోతుందా?

గ్రంథాలయ ఉద్యోగి:
సరిపోదమ్మా. అలవాటైనవారికి అడ్డదారులన్నీ తెలిసి ఉంటాయి. డిగ్రీ మొదటి సంవత్సరం వారిని వేరే బృందంగా తీసుకుని, వారినీ విడిగా గమనించండి.