జీటీఏ ట్రిలజీ: కొత్తది అమ్ముకోండి, పాతది ఎందుకు లేపేశారు?

పాత సేవ్‌ఫైల్:
జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వీడియో గేమ్‌ల ట్రిలజీ డెఫినిటివ్ ఎడిషన్‌కు 2024 నవంబర్‌లో పెద్ద ప్యాచ్, అంటే లోపాలు దిద్దే అప్‌డేట్, వచ్చినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే మాట. "ఇప్పుడు బాగైంది కదా, ఇంకా ఆ పాత గొడవ ఎందుకు?" అని. బాగైంది, కాదనను. కానీ నా గొడవ బగ్‌ల గురించి కాదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. జీటీఏ 3 (2001), వైస్ సిటీ (2002), శాన్ ఆండ్రియాస్ (2004), ఈ మూడింటినీ కలిపి 2021 నవంబర్ 11న కొత్త గ్రాఫిక్స్‌తో 60 డాలర్లకు వదిలారు. జీటీఏ తీసే కంపెనీ రాక్‌స్టార్ ఆ పని గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే స్టూడియోకు అప్పజెప్పింది. విడుదలకు దాదాపు నెల ముందే పాత మూడు గేమ్‌లనూ ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. అంతకుముందు కొన్నవాళ్లకు ఉంటాయి. కొత్తగా కొందామంటే అప్పుడు దారి లేకుండా పోయింది. కొత్తది అంత గొప్పదైతే, పక్కన పాతది ఉంటే వీళ్లకేం నష్టం?

హెసోయమ్ బ్యాచ్:
అన్నా, ముందు ఒక్క మాట. నెట్ సెంటర్ల రోజుల్లో వైస్ సిటీని డబ్బులిచ్చి కొన్నవాళ్లు ఇక్కడ ఒక్కరున్నా చెయ్యెత్తండి. గంటకు పదో పదిహేనో ఇచ్చి కూర్చోవడం, కీబోర్డు మీద పాంజర్ అనే చీట్ కోడ్ కొట్టి నడిరోడ్డు మీద ట్యాంక్ దింపడం, ఈలోపు ఓనర్ వచ్చి "టైమ్ అయిపోయింది, లే" అనడం. అంతే కదా మన ఆట? మిషన్లు ఎవరు ఆడారు? అది కాపీ సీడీయో ఒరిజినలో ఎవరు అడిగారు? ఇప్పుడేమో స్టోర్‌లో లేదని ఒకటే ఏడుపు.

పాత సేవ్‌ఫైల్:
అప్పుడు జేబులో డబ్బుల్లేవు. ఇప్పుడు సంపాదిస్తున్నాం, కొంటామంటే అమ్మలేదు. అదే కదా నేననేది.

కంట్రోలర్ పార్టీ:
నేను డెఫినిటివ్ వైపే. పాత శాన్ ఆండ్రియాస్‌ను ఇప్పటి పీసీలో పెట్టి చూడండి. సెకనుకు ఎన్ని ఫ్రేములు రావాలో అదుపు చేసే ఫ్రేమ్ లిమిటర్ తీసేస్తే హీరో సీజే ఈత కూడా సరిగ్గా కొట్టలేడు. మిషన్ ఫెయిలైతే పాతదాంట్లో మళ్లీ మొదటిచోటికి బండేసుకుని పోవాలి. చచ్చిపోతే ఆస్పత్రి ముందు లేస్తాం, తుపాకులన్నీ పోతాయి. సీజే స్నేహితుడు బిగ్ స్మోక్‌ను బైక్ వెనకాల ఎక్కించుకుని రైలు వెంటపడే మిషన్ అలా ఎంతమంది చేత మౌస్ విసిరికొట్టించిందో! కొత్తదాంట్లో ఫెయిలైతే అక్కడికక్కడే మళ్లీ మొదలుపెట్టొచ్చు. గురి పెట్టడం కూడా జీటీఏ 5 పద్ధతిలోనే. మా తమ్ముడు అదే ఆడుతూ పెరిగాడు. పాతది పెట్టిస్తే అరగంటలో లేచిపోయాడు, కొత్తది మాత్రం పూర్తి చేశాడు. మీ జ్ఞాపకాల కోసం వాడు తంటాలు పడాలా?

మోడ్ మేస్త్రి:
మీ తమ్ముడికి నచ్చితే సంతోషం. వాణ్ని పాతది ఆడమని ఎవరూ బలవంతపెట్టట్లేదు. కానీ 2021లో వచ్చిన సరుకు ఎలా ఉండేదో మర్చిపోతే ఎలా?

పొగమంచు సంగతే చూడండి. పీఎస్2కు ఉన్న మెమరీ 32 ఎంబీ. దూరంగా ఉన్నవన్నీ ఒకేసారి చూపించే స్తోమత దానికి లేదు, అందుకే నారింజ రంగు మసక కప్పారు. అది లోపమే, కానీ ఆ లోపం నుంచే ఆటకు అందం వచ్చింది. శాన్ ఆండ్రియాస్‌లో లాస్ శాంటోస్ నగరం నుంచి శాన్ ఫియెరో నగరానికి బండి మీద వెళ్తుంటే నిజంగా ఊరు దాటి ఊరు వెళ్తున్నట్టు ఉండేది. కొత్తదాంట్లో ఆ మసక తీసేశారు. మౌంట్ చిలియాడ్ కొండ ఎక్కి చూస్తే రాష్ట్రం మొత్తం సంక్రాంతి బొమ్మల కొలువులా ఒక్క బల్ల మీద కనిపించింది. అంత పెద్ద రాష్ట్రం ఇంతేనా అనిపించింది.

వాన వస్తే తెర నిండా తెల్లగీతలు, ముందు రోడ్డు కనపడేది కాదు. బోర్డుల మీది అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో పెద్దవి చేయిస్తే స్పెల్లింగులు తప్పాయి. టఫ్ నట్ డోనట్స్ అనే కొట్టు మీద గుర్తుగా పెద్ద ఇనప నట్టు ఉంటుంది, ఆరు పలకలది. కొత్తదాంట్లో పలకలన్నీ అరిగి గుండ్రంగా తయారైంది. ఒక్క మనిషి కళ్లతో చూసుంటే అది అలా బయటికి వచ్చేదా?

ఇంకోటి. జీటీఏ 3, వైస్ సిటీ కోడ్‌ను అభిమానులు సొంతంగా విప్పి తిరగరాస్తే, 2021 ఫిబ్రవరిలో రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ దాన్ని తీయించింది, సెప్టెంబర్‌లో కేసు కూడా వేసింది. పాతదాన్ని బాగుచేసేవాళ్లను ఆపి, పాతదాన్ని స్టోర్ నుంచి తీసి, ఆ తర్వాత ఇది చేతిలో పెట్టారు. వరసగా చూస్తే మండుతుందా లేదా?

హెసోయమ్ బ్యాచ్:
సరే, నీ ఒరిజినల్ ఏది మేస్త్రీ? ఆటలోని రేడియో ఫ్లాష్ ఎఫ్ఎంలో వచ్చే మైకేల్ జాక్సన్ బిల్లీ జీన్ పాట, లైసెన్స్ గొడవతో ట్రిలజీ రాకముందే డిజిటల్ వైస్ సిటీలోంచి పోయింది. శాన్ ఆండ్రియాస్‌లో కూడా 2014లో కొన్ని పాటలు కోసేశారు. అంటే 2021లో స్టోర్ నుంచి తీసేసింది కూడా అసలుది కాదు, అప్పటికే చెయ్యిపడ్డ సరుకు. దేన్ని కాపాడమంటున్నారు మీరు?

మోడ్ మేస్త్రి:
పాట పోయింది లాయర్ల వల్ల, అది కొంతవరకు వాళ్ల చేతిలో లేదు. పాత గేమ్‌ను తీసేయడం అలా కాదు. గోల ముదిరాక 2021 నవంబర్ 19న రాక్‌స్టార్ వాళ్లు క్షమాపణ చెప్పి, పాత మూడింటినీ పీసీకి మళ్లీ తమ స్టోర్‌లో పెడతామన్నారు. పీసీలో డెఫినిటివ్ కొన్నవాళ్లకు వాటిని ఉచితంగా ఇచ్చారు కూడా. అడ్డేమీ లేదని అక్కడే తేలిపోయింది. కన్సోల్ వాళ్లకు ఆ భాగ్యమూ లేదు.

నైట్ షిఫ్ట్:
పాత హేలో గేమ్‌లను కలిపి తెచ్చిన మాస్టర్ చీఫ్ కలెక్షన్‌ను ఎవరూ తలవలేదేం? అదీ నవంబర్ 11నే వచ్చింది, 2014లో. ఆన్‌లైన్ మ్యాచ్‌లు దొరక్క జనం నానా తిట్లూ తిట్టారు. కానీ దాంట్లో మొదటి రెండు హేలోలకు ఒక్క బటన్ నొక్కితే పాత గ్రాఫిక్స్ వస్తాయి, మళ్లీ నొక్కితే కొత్తవి. ఏది నచ్చితే అది ఆడుకో. పాత వార్‌క్రాఫ్ట్ 3 గేమ్‌కు కొత్త రూపమైన రీఫోర్జ్డ్ దీనికి పూర్తిగా రివర్స్. 2020లో అది వచ్చాక, పాతది కొనుక్కున్నవాళ్ల క్లయింట్‌ను (కంప్యూటర్‌లో ఉన్న గేమ్‌ను) కూడా కొత్తదే మింగేసింది. ట్రిలజీ ఈ రెండింటికీ మధ్యలో ఉంది, కాకపోతే రీఫోర్జ్డ్ వైపు కాస్త ఎక్కువ.

ఇక ఆ ప్యాచ్ సంగతి. పాత రంగులు తెచ్చే క్లాసిక్ లైటింగ్ ముందు 2023 డిసెంబర్‌లో మొబైల్ వెర్షన్‌కు వచ్చింది. 60 డాలర్లు పోసి కొన్న కన్సోల్, పీసీ వాళ్లకు ఇంకో పదకొండు నెలల తర్వాత. పైగా అదే ప్యాచ్‌తో గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరు మొదటి తెర మీంచి ఎగిరిపోయింది. ఆ స్టూడియో మీద నాకు జాలేమీ లేదు, కానీ పేరు తుడిచేయడం మాత్రం చిల్లర పని.

కంట్రోలర్ పార్టీ:
బటన్ సంగతి ఒప్పుకుంటా, ఆ సదుపాయం వీళ్లూ పెట్టాల్సింది. అయినా బాగుచేసిన గేమ్‌ను ఇప్పటికీ చెత్త అంటే నేను ఒప్పుకోను.

కొత్త మెంబర్:
ఇవన్నీ సరే గురూ, మా బావమరిది పీఎస్5 కొన్నాడు. ఇంతవరకు ఒక్క జీటీఏ ఆడలేదు. ఈ ట్రిలజీ కొనమని చెప్పనా, వద్దా?

మోడ్ మేస్త్రి:
డిస్కౌంట్‌లో దొరికితే కొనమను. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లాసిక్ లైటింగ్ ఆన్ చేసుకోమను. శాన్ ఆండ్రియాస్‌తో మొదలుపెట్టి, జీటీఏ 3ని చివరికి ఉంచుకోమను. పాతదాంట్లో లేని మ్యాప్ ఇందులో పెట్టారు కాబట్టి అదీ ఇప్పుడు ఆడగలడు.

పాత సేవ్‌ఫైల్:
పూర్తి ధర పెట్టి కొంటే మాత్రం నాకు చెప్పొద్దు.