కోల్బే ఫాదర్‌ను వేదసాక్షి అని పిల్లలకు ఎలా చెప్పాలి?

ఆగస్టు 14న పోలండ్ కతోలిక గురువు పునీత (సెయింట్) మాక్సిమిలియన్ కోల్బే పండుగ. గుడిలో పిల్లలకు ఆయన గురించి చెప్పే పని నాకు పడింది. 1941లో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ క్యాంపులో ఒక ఖైదీ కనిపించకపోతే, బదులుగా పదిమందిని ఆకలితో చంపడానికి ఎంచారు. వాళ్లలో గయోవ్నిచెక్ అనే సైనికుడు భార్యాపిల్లల్ని తలుచుకుని ఏడ్చాడు. అప్పుడు 16670 నంబరు ఖైదీ, అంటే మన ఫాదర్, వరుసలోంచి ముందుకొచ్చి అతని బదులు నన్ను తీసుకోండన్నారు. రెండు వారాలైనా ప్రాణం పోలేదని చివరికి ఫినాల్ ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు.

ఇంతవరకు చెప్పేశాను. "విశ్వాసం వదిలెయ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదుగా టీచర్, మరి వేదసాక్షి ఎలా?" అని ఎనిమిదో క్లాసు పిల్ల అడిగింది. వేదసాక్షి అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లు కదా. నాకు నోరు పెగల్లేదు. అసలు 1971లో ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించినప్పుడు వేదసాక్షి అనలేదు, 1982లో పునీతుడిగా ప్రకటించినప్పుడు రెండో జాన్‌పాల్ పోపుగారు అన్నారు. ఈ తేడా పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? వచ్చే ఆదివారమే క్లాసు, కాస్త టెన్షన్‌గా ఉంది.