సమస్య: చచ్చినట్టి యెలుగు సాగుచుండె

నిర్వాహకుడు: గ్రిజ్లీ ఎలుగుబంటి బొమ్మ ఉన్న కాలిఫోర్నియా జెండా చూడగానే తట్టిందీ పాదం. 1920ల తర్వాత అక్కడ ఒక్క గ్రిజ్లీ కనబడలేదు. 1953లో మాత్రం దాన్నే రాష్ట్రజంతువని చట్టం చేశారు! ఈ పాదంతో ముగిసేలా పద్యాలు కానివ్వండి.

ఫ్రీమాంట్ మామ:
కాలిఫోర్నియాన గానరా దొక్కటి
గ్రిజ్లి యంత మయ్యె, కీర్తి మిగిలె
పచ్చగడ్డి మీద బట్టపై జూడుడీ
చచ్చినట్టి యెలుగు సాగుచుండె

గట్టుమీది కవి: మామా, నిర్వాహకుడు చెప్పిందే పద్యం చేశావు. ఆ 'జూడుడీ' గణం నింపడానికేగా? 'కీర్తి మిగిలె' దగ్గర మాత్రం చెయ్యి తిరిగింది. ఇక నాది:
బోనులోన జచ్చి బొమ్మయై నిలిచిన
దాని రూపె నేడు ధ్వజము నందు
వందయేండ్లు దాటి వాడవాడల నెక్కి
చచ్చినట్టి యెలుగు సాగుచుండె

ఇది మోనార్క్ అనే గ్రిజ్లీ కథ. 1889లో పట్టి శాన్‌ఫ్రాన్సిస్కో తెచ్చారు, 1911లో చచ్చింది. ఆ ఏడే ఈ జెండా రాష్ట్రానిదైంది. 1953లో జెండా బొమ్మను ఖాయం చేసినప్పుడు నమూనా ఈ ఎలుగే.

ఫ్రీమాంట్ మామ: 'నేడు ధ్వజము'లో పక్కనున్న 'ధ్వ' వల్ల డు గురువైంది. గణభంగం.

పెద్దశాస్త్రి: కాలేదు మామగారూ. 'నేడు' తెలుగు మాట, పక్కది విడిమాట. సంస్కృత సమాసమైతే అడగండి. చచ్చినదీ, నిలిచినదీ, సాగేదీ ఒక్క జంతువే కావడం నాకు నచ్చింది.

కొత్తమొలక:
పసిడి పాపి పూలు బారులై విరియగా
కౌజుపిట్ట కూసె గుట్ట మీద
సంద్రమంచు దాక జండాలు గట్టిరి
చచ్చినట్టి యెలుగు సాగుచుండె

పెద్దశాస్త్రి: ఔత్వానికి ఉత్వంతో యతి ఎక్కడిదమ్మా? 'గుట్ట' తీసి 'గట్టు' పెట్టు, సరిపోతుంది. రాష్ట్రపుష్పం పాపీనీ, రాష్ట్రపక్షి కౌజునీ భలే కూర్చావు. కానీ సమస్య బరువంతా 'జండాలు' ఒక్కటే మోస్తోంది.

గట్టుమీది కవి: పిట్టల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. పోయినసారి మామ సీగల్‌ని కాలిఫోర్నియా రాష్ట్రపక్షిని చేశాడు. దాని పేరు కాలిఫోర్నియా గల్లే గానీ హోదా ఇచ్చింది సముద్రమే లేని యూటా! 1848లో పైరు మీద పడ్డ పురుగుల్ని తినేసి కాపాడిందని వాళ్ళకి దానిమీద అంత అభిమానం.

ఫ్రీమాంట్ మామ: అందులో యతి తప్పిందా, గణం తప్పిందా? 1846లో కాలిఫోర్నియాలోని సొనోమాలో ఎగరేసిన మొదటి జెండా మీది ఎలుగు పందిలా ఉందని నవ్వారట. అయినా ఎగిరిందిగా!

గట్టుమీది కవి: ఎగిరింది మామా, పాతిక రోజులు.