అప్‌డేట్: పెరట్లో మట్టి పొయ్యి, కుండల ఫ్రిజ్

హన్మకొండలో మా ఇంటి వెనక వంటకు, కూరగాయలు చల్లగా ఉంచడానికి మట్టితో ఏమైనా చేయొచ్చా అని ఏప్రిల్‌లో అడిగాను కదా, చేశాను. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పోశా. మొదట బయటి కుండగా మెరుపు పూత ఉన్న జాడీ వాడా, దండగ! పూత ఉంటే నీరు బయటికి ఊరదు, ఆవిరవదు, ఇక చల్లదనం ఎక్కడిది. పాత రంజన్ (పూత లేని మట్టి నీళ్లకుండ) పెట్టాకే కొత్తిమీర వాడిపోకుండా నిలిచింది.

పొయ్యి మట్టిలో ఊక తక్కువేశా, ఎండేసరికి నెర్రెలిచ్చింది; అమ్మ తిడుతూనే ఊక, పేడ కలిపి మళ్లీ మెత్తింది. ఇప్పుడు జొన్నరొట్టెలు దాని మీదే.

జులై ముసురు పట్టాక మాత్రం కుండల ఫ్రిజ్ పనిచేయట్లేదు, గాలంతా తేమే మరి. ప్రస్తుతం అందులో ఉల్లిగడ్డలు పోశాం, ఇసుక తీసేసి.