ఒక్క మనిషి కట్టిన వింత లోకాలు: చూసొచ్చినవాళ్లు చెప్పండి (చర్చ)

పాతకెమెరా:
వచ్చే నెల అమ్మని తీసుకుని అమృత్‌సర్, సిమ్లా వెళ్తున్నాను. మధ్యలో చండీగఢ్‌లో ఒక పూట ఖాళీ దొరుకుతుంది. ఎవరిని అడిగినా రాక్ గార్డెన్ చూడమంటున్నారు. నెట్‌లో ఫోటోలు చూస్తే నాకు పెద్దగా ఎక్కలేదు. సిమెంటు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి, వాటి ముందు జనం సెల్ఫీలు. సిమెంటు జింకలు మా ఊరి పార్కులోనూ ఉన్నాయి. ఉన్న ఒక్క పూటా దానికి పెట్టాలా, వద్దా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువుంటే అది కూడా చెప్పండి. ఇలా ఒక్కరే కూర్చుని కట్టుకున్న చోట్లు ఇంకెక్కడైనా చూసినవాళ్లుంటే అవీ రాయండి.

సెక్టార్22:
చండీగఢ్‌లో ఐదేళ్లు ఉద్యోగం చేశాను. ఇంటికి ఏ చుట్టం వచ్చినా అక్కడికి తిప్పాల్సిందే కాబట్టి పాతికసార్లైనా చూసుంటాను. మొదట్లో నాకూ మీలాగే అనిపించింది. కథ తెలిశాక చూసే తీరు మారింది.

దాన్ని కట్టిన నేక్‌చంద్ గారు 1924లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టారు. విభజనప్పుడు ఊరు వదిలి ఇటు వచ్చి, చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. లె కార్బుజియె అనే ఆర్కిటెక్ట్ ప్లాన్ ప్రకారం కొత్త నగరం లేస్తున్న రోజులవి. దాని కోసం అక్కడున్న పల్లెలు ఖాళీ చేయించి పడగొట్టారు. ఆ శిథిలాల్లో దొరికిన పెంకులు, పగిలిన కప్పులు, గాజుముక్కలు, వాష్‌బేసిన్ ముక్కలు, సైకిల్ ఫ్రేములు ఈయన డ్యూటీ దిగాక సైకిల్ మీద మోసుకెళ్లి, సుఖ్నా సరస్సు దగ్గర అడవిలో పోగేశారు. నదుల ఒడ్డున వింత ఆకారంలో రాయి కనిపిస్తే అదీ వదల్లేదు. ఈ పని 1957 ప్రాంతంలో మొదలైంది. అసలు మజా ఏంటంటే, ఆ అడవి ఎవరూ ఏమీ కట్టకూడదని ప్లాన్‌లోనే వదిలేసిన ప్రభుత్వ భూమి. ఈయన ప్రభుత్వ ఉద్యోగి. రాత్రిళ్లు పాత టైర్లు కాల్చుకుని ఆ వెలుగులో పనిచేసేవారట.

1970ల మధ్యలో అధికారుల కంటపడే సమయానికి దాదాపు 12 ఎకరాల్లో బొమ్మలు తయారై ఉన్నాయి. రూల్ ప్రకారం కూల్చేయాలి. కానీ చూడ్డానికి జనం రావడం మొదలైంది. 1976లో అధికారికంగా తెరిచి, ఆయనకే జీతమిచ్చి, 50 మంది పనివాళ్లను కూడా ఇచ్చారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. తర్వాతెప్పుడో రోడ్డు కోసం బుల్డోజర్లు వస్తే ఊరి జనమే అడ్డంగా నిలబడ్డారు. 2015లో పోయారు. ఇప్పుడది దాదాపు 40 ఎకరాలు.

కాబట్టి వెళ్లండి. రెండున్నర గంటలు పెట్టుకోండి. దారి ఇరుకు, రాళ్లు ఎగుడుదిగుడు, మెట్లూ ఉన్నాయి. ద్వారాలు కావాలనే పొట్టిగా కట్టారు, ఎంతటివాడైనా తల వంచే లోపలికి వెళ్లాలి. అమ్మగారికి చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి.

నమ్మనుగాక:
పదెకరాల పైన కట్టేస్తుంటే పద్దెనిమిదేళ్లు గవర్నమెంటుకు తెలియలేదా? మా వీధిలో అరుగు రెండడుగులు ముందుకు జరిపితే మర్నాటికే నోటీసు వచ్చింది.

సెక్టార్22:
నమ్మనుగాక గారూ, అప్పుడది నగరం అంచున దట్టమైన అడవి. పైగా ఆయనే రోడ్ల శాఖ మనిషి. సామాను మోసుకెళ్తుంటే డ్యూటీ మీద ఉన్నాడనుకుంటారు కదా. మీ అరుగు సంగతి వేరే, దానికి పక్కింటివాళ్లుంటారు :)

కొండపల్లిపిల్ల:
సైకిల్ ఫ్రేములు దేనికి? బొమ్మ లోపల ఎముకల్లాగానా?

సెక్టార్22:
సరిగ్గా అదే. లోపల ఇనుము, దాని మీద సిమెంటు, అది పచ్చిగా ఉండగానే పైన గాజులో పింగాణీయో అద్దుతారు. కొన్ని జంతువుల కాళ్లు పరీక్షగా చూస్తే సైకిల్ ఫోర్కు ఆకారం పట్టుకోవచ్చు. మా అబ్బాయికి అదే ఆట, ఏది ఏ సామానో కనిపెట్టడం.

సముద్రానికి_ఇవతల:
మేం లాస్ ఏంజిలెస్ దగ్గర ఉంటాం. ఇక్కడ వాట్స్ టవర్స్ అని ఉన్నాయి. పన్నెండేళ్లుగా ఇక్కడున్నా మొన్నటిదాకా చూడలేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా డిస్నీలాండ్, యూనివర్సల్ స్టూడియోస్, అంతే. మావయ్యగారు రిటైర్డ్ సివిల్ ఇంజినీరు. ఆయన అడిగితే తీసుకెళ్లాం.

కట్టింది సైమన్ రోడియా అని ఇటలీ నుంచి వచ్చిన కూలీ. టైల్స్ వేసే పని. 1921 నుంచి 1954 దాకా, అంటే 33 ఏళ్లు, పని నుంచి వచ్చాక తన ఇంటి స్థలంలో ఒక్కడే కట్టుకుంటూ పోయాడు. అన్నిటికన్నా ఎత్తైన గోపురం దాదాపు 100 అడుగులు. వెల్డింగ్ లేదు, బోల్టులు లేవు, పరంజీ లేదు. ఇనుప కడ్డీని పక్కనే ఉన్న రైలు పట్టాల కింద దూర్చి వంచేవాడట. కడ్డీలకు వైరు మెష్ చుట్టి, సిమెంటు మెత్తి, దాంట్లో పగిలిన పింగాణీ, గవ్వలు, సీసా పెంకులు అద్దాడు. సెవెనప్ సీసాల ఆకుపచ్చ, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అనే మందు సీసాల నీలం ఎండలో భలే మెరుస్తాయి. చుట్టుపక్కల పిల్లలు గాజుముక్కలు ఏరి తెచ్చిచ్చేవాళ్లట. దానికి స్పానిష్‌లో ‘మన ఊరు’ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు.

కట్టినంత కట్టి, 1955లో ఆ స్థలం పక్కింటాయనకు ఇచ్చేసి ఊరు వదిలి వెళ్లిపోయాడు. నాకు అన్నిటికన్నా అదే వింత.

తర్వాత నగరపాలక సంస్థ ఇవి ప్రమాదకరం, కూల్చేస్తామంది. కాపాడాలన్నవాళ్లు ఎదురు తిరిగారు. 1959లో పరీక్ష పెట్టారు: గోపురానికి తీగలు కట్టి క్రేన్‌తో 10,000 పౌన్ల బలం పెట్టి లాగారు. గోపురం చెక్కుచెదరలేదు, క్రేనే చేతులెత్తేసింది. మావయ్యగారు ఈ సంగతి విని అక్కడే అరగంట నిలబడిపోయారు. “డ్రాయింగ్ లేకుండా కట్టాడంటే వాడి చేతికే లెక్క తెలుసు” అన్నారు, అంతే. కారెక్కాక మళ్లీ మాట్లాడలేదు.

మేం వెళ్లినప్పుడు రిపేర్ల వల్ల కంచె లోపలికి పోనివ్వలేదు. వెళ్లేవాళ్లు ముందే కనుక్కోండి. బయటి గోడ దగ్గరగా చూడటం మర్చిపోకండి. పచ్చి సిమెంటు మీద సుత్తి, ఇతర పనిముట్లు నొక్కిన అచ్చులు ఉంటాయి. నేను గోపురాలకు తీసిన ఫోటోలన్నీ ఆకాశం ముందు నల్లగా వచ్చాయి. ఆ అచ్చుల ఫోటోలే పనికొచ్చాయి.

నమ్మనుగాక:
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ కళ అనడానికి మనసు ఒప్పుకోవట్లేదు. లేపాక్షి చూసిన కళ్లతో సీసా పెంకుల్ని చూడమంటే ఎలా?

తపాలా_అభిమాని:
లేపాక్షి రాజ్యం కట్టించింది, శిల్పుల పరంపర ఉంది. వీళ్లకు గురువూ లేడు, డబ్బులిచ్చే రాజూ లేడు. పోల్చడమే అనవసరం అనుకుంటా.

నేను రైల్వే మెయిల్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఫ్రాన్స్‌లో లియోన్‌లో చదివింది. అప్పుడు కారులో ఓతెరీవ్ అనే పల్లెకు తీసుకెళ్లింది. అక్కడ ఫెర్దినా షెవాల్ అనే పోస్ట్‌మ్యాన్ కట్టిన ‘ఆదర్శ సౌధం’ ఉంది. 1879లో 43 ఏళ్ల వయసులో, ఉత్తరాలు పంచుతూ నడుస్తుంటే కాలికి ఒక రాయి తగిలి తూలాడు. ఆ రాయి ఆకారం నచ్చి జేబులో వేసుకున్నాడు. మర్నాడు అదే చోటికి వెళ్తే ఇంకా మంచి రాళ్లు కనిపించాయి. ముందు జేబులు, తర్వాత బుట్ట, ఆ తర్వాత ఒంటిచక్రపు తోపుడుబండి. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు ఉత్తరాలతో నడిచి, మళ్లీ సాయంత్రం రాళ్ల కోసం అదే దారి. 33 ఏళ్లు, 1912 దాకా. ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నారు.

ఉత్తరాలు సార్టింగ్ చేసిన మనిషిగా ఒక మాట చెప్తాను. మన చేతిలో ప్రపంచమంతా ఉంటుంది గానీ అది మనది కాదు. కార్డు మీది బొమ్మ చూస్తాం, అడ్రసు చూస్తాం, ఇచ్చేస్తాం. షెవాల్ కూడా పోస్టుకార్డుల్లో, బొమ్మల పత్రికల్లో చూసినవన్నీ ఆ గోడల మీద పెట్టాడు. ఒక పక్క మసీదు, ఒక పక్క స్విస్ కొండల ఇల్లు, అమెరికా వైట్ హౌస్. హిందూ దేవాలయం కూడా ఉంది! ఫ్రాన్స్ పల్లెలో ఎప్పుడూ మన దేశం చూడని పోస్ట్‌మ్యాన్ ఊహించిన గుడి. మన గుడిలా ఏమాత్రం ఉండదు, అయినా నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన వాడిన తోపుడుబండిని కూడా లోపల గౌరవంగా ఉంచారు.

తనని అందులోనే పూడ్చాలని కోరాడు. చట్టం ఒప్పుకోలేదు. సరేనని ఊరి శ్మశానంలో ఇంకో ఎనిమిదేళ్లు కష్టపడి అదే పద్ధతిలో తన సమాధి తనే కట్టుకుని, 1924లో పోయాడు. 1969లో ఆ సౌధాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు.

ఫోటోలు తీసేవాళ్లకు: ముగ్గురు భారీ పురుషుల విగ్రహాలున్న ముఖ్యమైన ముఖం తూర్పు వైపు ఉంది, పొద్దున్నే వెళ్లండి. గుడి, మసీదు ఉన్నది పడమటి వైపు, దానికి సాయంత్రం కావాలి. మేం మిట్టమధ్యాహ్నం వెళ్లి రెండూ పాడుచేసుకున్నాం.

కొండపల్లిపిల్ల:
నేక్‌చంద్ గారు పుట్టింది 1924, ఈయన పోయింది 1924. ఊరికే అంటున్నా.

మెకాంగ్‌లో_మామిడికాయ:
లావోస్‌లో వియంటియాన్ దగ్గర బుద్ధా పార్కు. 1958లో బున్లువా సులిలాత్ అనే స్వామి మొదలుపెట్టింది. అంతా సిమెంటే, కానీ వానలకు పాచి పట్టి వేయేళ్ల నాటి శిల్పాల్లా కనిపిస్తాయి. నేనైతే మొదట మోసపోయాను. శివుడు, విష్ణువు, బుద్ధుడు అందరూ ఒకే పొలంలో. ఇంద్రుడి ఐరావతానికి మూడు తలలు. పెద్ద గుమ్మడికాయ లాంటి కట్టడం ఉంది, రాక్షసి నోట్లోంచి దూరి నరకం, భూలోకం, స్వర్గం మూడంతస్తులు ఎక్కాలి. లోపల చీకటి, మెట్లు నిటారు, పాతకెమెరా గారి అమ్మగారికి వద్దు. 1975లో అక్కడ ప్రభుత్వం మారాక ఈయన నది దాటి థాయ్‌లాండ్ వెళ్లి అక్కడ ఇంకోటి మొదలుపెట్టాడు. ఊరుకోలేకపోయాడు పాపం.

పాతకెమెరా:
ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్. రాక్ గార్డెన్ ఫిక్స్. జనం లేకుండా ఫోటోలు తీయడం ఎలా మరి?

సెక్టార్22:
వారం మధ్యలో, గేటు తెరవగానే వెళ్లండి. ఆదివారం అసలొద్దు. నిలబడి తీస్తే బొమ్మలన్నీ గుంపులా వస్తాయి. కూర్చుని వాటి కళ్ల ఎత్తులో తీయండి, అప్పుడు ఒక్కో దానికి ఒక్కో ముఖం కనిపిస్తుంది. పింగాణీ మీద ఎండ మెరుపు ఎక్కువ, పోలరైజర్ (మెరుపు తగ్గించడానికి లెన్సుకు పెట్టే ఫిల్టర్) ఉంటే పట్టుకెళ్లండి. మబ్బు పడితే అదృష్టం.

సముద్రానికి_ఇవతల:
నేను ఒప్పుకోను. జనం లేకుండా తీస్తే ఎంత పెద్దదో తెలియదు. ఒక్క మనిషైనా ఫ్రేములో ఉండాలి.

గుంటూరు_మిర్చిబజ్జీ:
తెనాలిలో ఇనుప తుక్కుతో, నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. అంత దూరం వెళ్లలేనివాళ్లు అవి చూడొచ్చు. అడవిలో దాక్కుని కాదు, ఆర్డర్ల మీద చేస్తారు. అయినా చూడదగ్గవే.

పాతకెమెరా (నెల తర్వాత):
వెళ్లొచ్చాం. మబ్బు లేదు, మాడు పగిలే ఎండ. పోలరైజర్ హోటల్ రూములో మర్చిపోయాను.

అమ్మ మొదట్లోనే ఒక రాతి గట్టు మీద కూర్చుని “నువ్వు తిరిగిరా, నేనిక్కడుంటా” అంది. నేను జలపాతం దాకా వెళ్లి గంట తర్వాత వస్తే గట్టు మీద లేదు. టెన్షన్ పడి వెతికితే గాజుముక్కల బొమ్మల ముందు నిలబడి ఉంది. ఆడవాళ్ల బొమ్మలు, ఒంటి నిండా ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చారలు. నేను అంతకుముందు ఆ దారినే వెళ్లి, రంగులు బాగున్నాయని నాలుగు ఫోటోలు కొట్టి ముందుకు పోయాను.

అమ్మ అంది: “ఇవన్నీ మట్టిగాజులు రా. చూడు, ఒక్కటి కూడా కొత్తది కాదు. అన్నీ ఎవరో ఒకరి చేతికి ఉండి పగిలినవే.”

నేను కథంతా చదివి వెళ్లాను, ఎకరాలు, సంవత్సరాలు అన్నీ గుర్తున్నాయి. ఇది తట్టలేదు. ఆకుపచ్చ గాజుల బొమ్మ దగ్గర అమ్మ ఇంకాసేపు ఆగింది. తనకి పెళ్లిలో తొడిగిన రంగు అదేనట. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ చేతికి ఒక్కో బంగారు గాజే. ఆ చేతినీ, వెనక ఆ బొమ్మనీ కలిపి ఒక ఫోటో తీశాను. అది ఇక్కడ పెట్టను. మిగతా 43 రేపు పెడతాను.

సముద్రానికి_ఇవతల గారూ, మీరన్నది కరెక్ట్. ఫ్రేములో మనిషి ఉండాలి.

నమ్మనుగాక:
ఫోటోలు పెట్టండి సార్. చూస్తాను.

కొత్తగా_చేరాను:
మెట్లు మొత్తం ఎన్నో ఎవరూ చెప్పలేదు. మా అత్తయ్యని తీసుకెళ్లాలి.

పాతకెమెరా:
లెక్కపెట్టలేదండి. బొమ్మలు గేటుకి దగ్గర్లో కావు, కొంత నడవాలి. చేతికర్ర ఉంటే మంచిది, నీళ్ల సీసా తప్పనిసరి. పొట్టి ద్వారాల దగ్గర అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు, మీరే తల చూసుకోండి. నాకు రెండుచోట్ల తగిలింది.