‘పాస్ అవుట్’ అంటే ఏంటి బాబూ? రెజ్యూమెలో ఏం రాయాలి?

గుంటూరు_కారప్పొడి: నిన్న అమెరికా క్లయింటుతో ఇంటర్వ్యూ. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014’ అన్నా. ఆయన ఒక్క క్షణం ఆగి ఇప్పుడు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. కాల్ అయిపోయాక గానీ వెలగలేదు, వాళ్లకది స్పృహ తప్పడమట. రెజ్యూమెలోనూ అదే ఉంది. ఏమని మార్చాలి? బ్రిటన్ వాళ్లకైనా అర్థమవుతుందా?

లెస్టర్_టు_జెర్సీ: నీది నయం తమ్ముడూ. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఆరేళ్లున్నాను, అక్కడ ‘వాష్ అప్’ అంటే అంట్లు తోమడం. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో మావారి కొలీగ్ ఇంటికి భోజనానికి వెళ్తే, ఆవిడ ‘డిన్నర్ రెడీ, వాష్ అప్’ అంది. తిండి పెట్టకముందే అంట్లు తోమించే మర్యాదేంటో అనుకుంటూ, కొంగు దోపి, అడుగంటిన సాస్ గిన్నె పీచుతో బరబరా రుద్దుతున్నా. ఆవిడ పరుగెత్తుకొచ్చింది. చేతులు కడుక్కోమందట!

టై_మాస్టారు: 22 ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. పాస్ అవుట్ పక్కా బ్రిటిష్ ఇంగ్లిష్. తప్పు అమెరికావాడిదే, రెజ్యూమె మార్చక్కర్లేదు.

మాంచెస్టర్_మబ్బు: సగమే చెప్పారు మాస్టారూ. ఇక్కడ మిలిటరీలోనో పోలీసులోనో ట్రైనింగ్ ముగిస్తే అంటారు, బీటెక్‌కి అనరు. మందు ఎక్కువైతే మాత్రం రెండు దేశాల్లోనూ పాస్ అవుటే.

టై_మాస్టారు: దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ జరగదా మరి? పేపర్ చదవండి.

మాంచెస్టర్_మబ్బు: దుండిగల్‌లో దాని పేరు కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్. మీరనేది డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో. అయినా వాళ్లు కవాతు చేస్తూ వెళ్తారండీ, మనం బ్యాక్‌లాగులు కట్టుకుని బయటపడ్డాం.

టై_మాస్టారు: కవాతు సంగతి నాకు చెప్పకు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంది నాకు. నాలుగు రోజులు మాంచెస్టర్‌లో ఉంటే పండితులైపోరు.

కోఠి_పాతపుస్తకం: కొట్టుకోండి కొట్టుకోండి. అసలు మజా ‘నాక్ అప్’లో ఉంది. బ్రిటన్‌లో పాతకాలం వాళ్లకి తలుపు కొట్టి నిద్రలేపడం, అమెరికాలో కడుపు చేయడం. అలారం గడియారాలు అందరికీ లేని రోజుల్లో ఇంగ్లండ్ మిల్లు ఊళ్లలో లేపడానికే మనుషులుండేవాళ్లు, పొడుగాటి కర్రతో మేడ మీది కిటికీలు తట్టేవాళ్లు. లండన్‌లో మేరీ స్మిత్ అనే ఆవిడ గొట్టంలో ఎండు బఠాణీలు పెట్టి కిటికీ అద్దాల మీదికి ఊదేది. వారానికి కొన్ని పెన్నీలు ఇచ్చేవారట. మా హాస్టల్లో అలాంటి మనిషి ఉంటే నా ఫస్టియర్ గట్టెక్కేది.

లెస్టర్_టు_జెర్సీ: ఛీ, మా పాత ఓనరు తాత ‘ఆరింటికి నాక్ యూ అప్’ అన్నాడని ఇక్కడ ఆఫీసులో చెబితే అందుకా నవ్వారు! అప్పట్నుంచీ ఆ కథ అందరికీ చెబుతూనే ఉన్నా.

గుంటూరు_కారప్పొడి: అయ్యా, నా రెజ్యూమె! పొద్దున్నే పంపాలి.

మాంచెస్టర్_మబ్బు: ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2014’ అని రాసి పడుకో.

టై_మాస్టారు: కాలేజీ పేరు రాస్తే ముందు ‘ఫ్రమ్’ పెట్టు. అమెరికాలో చాలామంది అది మింగేస్తారు, అదీ వాళ్ల ఇంగ్లిష్.

మాంచెస్టర్_మబ్బు: మళ్లీ మొదలెట్టారా మాస్టారూ...